ఇంటిమనిషికి శాలువా

పోయిన వారం మీరు నన్ను దుకాణం నడిమధ్యలో, భుజాల మీద మెరూన్ రంగు శాలువాతో నిలబెట్టి పేజీ తిప్పేశారు. మీకేం, వారం హాయిగా గడిచిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాను.

మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. నా పేరు ఇంద్రజ. హైదరాబాద్ లాల్‌దర్వాజలో మాది పూల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా మామ వైకుంఠం పెట్టినది. నా భర్త అమరనాథ్ పోయినప్పుడు మా స్రవ్య ఇంకా పలక పట్టే పిల్ల. మామ నన్ను పైనుంచి పిలిచి గల్లా ముందు కూర్చోబెట్టాడు. "ఎవలకు బొట్టున్నది, ఎవలకు లేదు, పూలకేం ఎర్క బిడ్డా" అన్నాడు. ఇప్పుడు ఆ మామ కూడా లేడు. దసరా గిరాకీ అంతా అయిపోయిన మరునాడు మా దుకాణంలో త్రాసుకూ కత్తెరలకూ పూజ చేస్తాం. ఆ పూజలో, పనివాళ్ళందరి ముందు, నా మరిది శ్రవణ్‌కుమార్ నాకు శాలువా కప్పాడు. చేతిలో కొబ్బరికాయ, మిఠాయి డబ్బా పెట్టాడు. "థ్యాంక్స్ వదినా, నువ్వు జేసింది మేం ఎన్నటికి మర్వం" అన్నాడు. అక్కడ ఆపారు మీరు.

చప్పట్లు మోగాలి కదా? ఒక్కరూ కొట్టలేదు.

శాలువా కప్పితే సంతోషించక ఈ ఏడుపేమిటమ్మా అనుకునేవాళ్ళు ఉంటారు. మా దుకాణం సంగతి తెలిస్తే అలా అనరు. దండలు కట్టీ కట్టీ వేళ్ళు వంకర్లు పోయిన మనిషికి, ఇక నార లాగి ముడివేయడం చేతకాని మనిషికి, ఈ పూజ రోజునే శాలువా కప్పి కొబ్బరికాయ చేతిలో పెట్టడం మామ తెచ్చిన పద్ధతి. ఆ తర్వాత ఆ మనిషి పూలగంపలో చేయి పెట్టకూడదు. ఎప్పుడన్నా వస్తే కుర్చీ వేస్తాం, చాయ్ తెప్పిస్తాం, మర్యాదగా సాగనంపుతాం. సక్కుబాయికి అలాగే కప్పాం. ఆమె ఇప్పటికీ ప్రతి శుక్రవారం వచ్చి కూర్చుంటుంది. ఒకసారి మల్లెమొగ్గలు చూసి ఉండబట్టలేక చేయి చాపితే, మా దుకాణం కుర్రాడు ఎల్లేష్ గంపను పక్కకు జరిపాడు. వాడి తప్పేం లేదు, పద్ధతి అది.

మామ నాకు ఏనాడూ ఒక మెప్పు మాట చెప్పి ఎరుగడు. ఒకసారి నిష్ఠూరమాడాను కూడా, "అందరికి శాలువాలు గప్పుతవ్, నాకొక్క మంచిమాట గూడ లేదా మామా" అని. ఆయన గులాబీల ముళ్ళు తీస్తూ తలెత్తకుండానే, "పరాయోళ్ళకు గప్పుతం బిడ్డా. ఇంట్ల మనిషికి గప్పితే ఇగ పొమ్మన్నట్టే గద" అన్నాడు. ఆ మాటతో నా కడుపు నిండిపోయింది. నన్నెవరూ మెచ్చుకోవడం లేదంటే నేను ఇంటిదాన్నేనని ధీమాగా బతికాను ఇన్నాళ్ళూ.

అందుకే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పూజకు వచ్చిన సక్కుబాయి కుర్చీలోంచి లేచి వచ్చి, శాలువా అంచు వేళ్ళతో పట్టి చూసి, "అయ్యో బిడ్డా, నీకు గూడ గప్పిన్రా?" అంది. ఎల్లేష్ నా కాళ్ళ దగ్గరున్న చామంతి గంపను చూశాడు, నన్ను చూశాడు, ఏం చేయాలో తోచక రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. అంతవరకూ నాకు దుఃఖమే ఉంది. వాడు అలా వెళ్ళిపోయేసరికి ఒళ్ళు మండింది. శాలువా తీసి త్రాసు మీద పడేసి మెట్లెక్కాను.

శ్రవణ్ హాల్లో సోఫాలో కూర్చుని ప్రసాదం తింటున్నాడు. పక్కన అతని భార్య పూజిత గిన్నెలు సర్దుతోంది.

"ఏందిరా శ్రవణ్ ఇది?"

"ఏంది వదినా? శాలువా మంచిగ లేదా? పత్తర్‌గట్టి బజారంత తిరిగి తెచ్చినం."

"నేను బట్ట గురించి అడుగుతలేను. మన దుకాణంల శాలువా ఎవరికి గప్పుతరో నీకెర్క లేదా?"

"అవన్ని బాపు కాలం ముచ్చట్లు వదినా. నేను థ్యాంక్స్ చెప్పిన, గంతే. మన అనుకున్నోళ్ళకు థ్యాంక్స్ చెప్తే సంబంధాలు గట్టిపడతయ్."

ఈ థ్యాంక్స్ జబ్బు ఇతనికి ఆ మధ్య పట్టుకుంది. వ్యాపారులకని ఒక పెద్ద హోటల్లో ఏదో క్లాసు పెడితే, ఫీజు కట్టి మరీ పోయి కూర్చున్నాడు. ఇంట్లోవాళ్ళకు కృతజ్ఞత చెప్పండి, కాపురాలు బాగుంటాయి, వ్యాపారాలు బాగుంటాయి అని అక్కడెవడో టై కట్టుకుని నేర్పాడట. వచ్చిన నాటి నుంచి చాయ్ తెచ్చినవాడికి థ్యాంక్స్, ఆటోవాడికి థ్యాంక్స్, మంచినీళ్ళిచ్చిన పెళ్ళానికి థ్యాంక్స్. పూజిత మొదట్లో భయపడిపోయింది, ఈయనకు ఏమన్నా అయిందా అక్కా అని నన్నడిగింది. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాం. నా వంతు కూడా వస్తుందని నాకప్పుడు తెలియదు.

"థ్యాంక్స్ చెప్పేటోనివి నోటితోని చెప్పు" అన్నాను. "నేనీ ఇంట్లకు వచ్చిన్నాడు నువ్వు బడికి పోయే పోరగానివి. నేను వండిన అన్నం తిని పెరిగినవ్. ఒక్కనాడన్న చెప్పినవా? నేనడిగిన్నా? ఇయ్యాల నలుగురి ముంగట గీ శాలువా ఏంది?"

పూజిత నా చేయి పట్టుకుంది. "అక్కా, కూసో. జెర నీళ్ళు తాగు."

"నువ్వుండు పూజితా. అరే శ్రవణ్, రేపు పొద్దుగాల గుడిమల్కాపూర్ మార్కెట్‌కి ఎవరు పోతరు?"

"నేను పోత వదినా. ఎల్లేష్ ఉన్నడు గద తోడు."

"గల్లా మీద?"

"పూజిత కూసుంటది."

అడిగింది నేనే, జవాబు తెలిసే అడిగాను, అయినా చెవులతో విన్నాక తట్టుకోవడం వేరే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మా అమ్మ అంటుండేది. అదే మాట అతని మొహాన అన్నాను.

"గట్లెందుకంటవ్ వదినా? నువ్వు రెస్ట్ తీసుకో. కాలు మీద కాలేసుకొని కూసో. నీకేం ఫికర్, మేం లేమా?"

"నేనడిగిన్నా రెస్టు?" నా రెండు చేతులూ అతని కళ్ళ ముందు పెట్టాను. "చూడు. ఏ వేలు పోయింది? ఏ వేలికి చాతనైతలేదో చెప్పు! పొమ్మనేటోనివి మొగోని లెక్క పొమ్మను. గంత ధైర్యం లేక థ్యాంక్స్ చెప్తవా? దండేసి గొంతు పిసుకుతవా?"

నా గొంతు కింది దుకాణం దాకా వినిపించే ఉంటుంది. శ్రవణ్ మొహం ఎర్రబడింది. ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"నేను పొమ్మంటలేను వదినా! నాకేం పట్టింది నిన్ను పంపనీకి? నువ్వు లేకుంటె నాకు బంతి రేటు గూడ ఎర్క లేదు. మార్కెట్ల అందరు భాభీ యాడ, భాభీ యాడ అంటరు గని నన్నెవడు పలకరిస్తడు? గిదంత నేను పెట్టింది గాదు."

"ఇగో, ఊకోరాదు" అంది పూజిత గాభరాగా.

"ఎందుకు ఊకోవాలె? తిట్లు నేను తింటున్న గద. వదినా, నీ బిడ్డనడుగు. స్రవ్యనే అడుగు."

నాకు నిజంగానే నవ్వొచ్చింది. వీడికి తప్పించుకునే దారి దొరక్క నా బిడ్డ పేరు అడ్డం పెట్టుకుంటున్నాడనుకున్నాను. ఆ నవ్వుతోనే వెనక్కి తిరిగితే, స్రవ్య గది గుమ్మంలో నిలబడి ఉంది. బ్యాంకుకు సెలవు పెట్టి పూజలో కూర్చున్నది, ఫోన్లో నా ఫోటోలు తీసింది, నేను మెట్లెక్కుతుంటే ముందే పైకొచ్చి గదిలో దూరింది. ఇప్పుడు నన్ను చూసి తల దించుకుంది.

"బాబాయినేమనకమ్మా. నేనే చెప్పిన."

"ఏమని చెప్పినవే?"

"నీకు థ్యాంక్స్ చెప్పాల్నని." నా చేతుల వైపు చూసింది. "చిన్నప్పటి సంది చూస్తున్నమ్మా. తెల్లారకముందే మార్కెట్‌కి ఉరుకుతవ్. పగలంత తడి గోనెల కాడ కూసుంటవ్. చలికాలమొస్తే నీ వేళ్ళ సందుల తోలూడుతది, అన్నం కలపనీకి రాదు. నీ అంతట నువ్వు ఎన్నడు చాలు అనవు. ఎవరన్న అనాలె గద."

చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా వేళ్ళను ఒకరు చూశారని నాకప్పటిదాకా తెలియదు. స్రవ్య అక్కడితో ఆపి ఉంటే ఆ శాలువా తీసుకుని బీరువాలో దాచుకునేదాన్ని, దుకాణం కూడా వదిలేసేదాన్నేమో. కానీ అది నా మొహంలోకి చూడటం లేదు. కుడికాలి బొటనవేలితో నేల రాస్తోంది. ఇది ఏదైనా దాచేటప్పుడు చిన్నతనం నుంచీ అంతే.

"ఇంకేమున్నదో గది గూడ చెప్పు" అన్నాను.

"అంజన్ వాళ్ళు ఆదివారం వస్తున్రు. సంబంధం మాట్లాడనీకి."

అంజన్ దాని బ్యాంకులోనే పనిచేస్తాడు. నెమ్మదైన పిల్లవాడు. ఒకసారి దుకాణానికి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగి వెళ్ళాడు. నాకు నచ్చాడు కూడా.

"మంచిదే గద. రానియ్యి. దానికి, నేను గల్లా మీద కూసునుడుకు ఏం సంబంధం?"

"వాళ్ళమ్మకు పట్టింపులెక్కువమ్మా." గుమ్మం చెక్కను గోటితో గీకింది. "బోనాల నాడు గుడి కాడ కలిసిన్రు. నేను బాబాయి, పిన్నితోని ఉన్న. ఆంటీ వచ్చి పిన్నికి బొట్టు వెట్టి, బిడ్డది మీ పోలికనే వదినా అన్నది. పిన్ని నవ్వింది. నేను... నేను కాదనలే."

బోనాల రోజు నేనెక్కడున్నానో మీకు చెప్పనక్కర లేదు. కిందే ఉన్నాను. అమ్మవారికి దండలు కడుతూ, పిల్ల తిండి తిన్నదో లేదో అనుకుంటూ ఉన్నాను.

"అప్పుడంటే నోరు రాలేదు. తెల్లారి చెప్పొచ్చు గద?"

"చెప్దామన్న. అంజనే ఆగమన్నడు. లగ్గం ఖాయమైనంక తనే వాళ్ళమ్మకు నిమ్మళంగ చెప్తడట. పిల్లకు నాయన లేడు, తల్లికి బొట్టు లేదంటే ఆమె ముందుగాలనే ఒద్దంటదని భయపడ్డడు." స్రవ్య గబగబా చెప్పుకుపోతోంది, ఆగితే ఇక చెప్పలేనన్నట్టు. "ఎట్లన్నగాని పీటల మీద కూసుండేది పిన్ని, బాబాయినే గదమ్మా. కాళ్ళు కడిగేది వాళ్ళే గద. నేను గొత్తగ ఏం జేసిన?"

అది అబద్ధమైతే దాని చెంప పగలగొట్టేదాన్ని. నిజం. మా కులంలో మొగుడు పోయిన తల్లి పీటల మీద కూర్చోదు. ఆ రోజు వెనక వరసలో నిలబడి చూస్తానని నాకు ఎప్పటి నుంచో తెలుసు, దానికి మనసు గట్టి చేసుకునే ఉన్నాను. కానీ పీటలు వేయకముందే, ఇంకా సంబంధమే కుదరకముందే నా బిడ్డే నన్ను తల్లి చోటు నుంచి లేపేస్తుందని అనుకోలేదు.

"మరి నేనెవరని చెప్పినవ్?"

శ్రవణ్ కిటికీ వైపు తిరిగాడు. పూజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పవే. నేనెవరిని?"

"పెద్దమ్మవని."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఎవరిని తిట్టను? ఎవరి ముందు పెట్టుకోను? నా కూతురు నాకు కూతురు కాదని ఏ పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టను?

"దుకాణం గూడ చూస్తరట ఆదివారం" అంది స్రవ్య, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు గల్లా మీద ఉంటె గిరాకులందరు స్రవ్యోళ్ళమ్మా, స్రవ్యోళ్ళమ్మా అని పిలుస్తరు. ఎవరి నోరని మూస్తం? అందుకే బాబాయికి చెప్పిన, అమ్మకు మర్యాదగ శాలువా గప్పి..."

"రంగు గూడ నువ్వే ఎంచినవా?"

"నీకు మంచిగుంటదని."

"నేనొద్దన్న అక్కా" అని పూజిత ఏడుపు మొదలుపెట్టింది. "నీ తోడు, నాకు మస్తు భయమైంది." ఒద్దన్నావు సరే, గుడి దగ్గర ఎందుకు నవ్వావమ్మా అని అడగాలనిపించింది. పిల్లలు లేని మనిషి, నీ పోలికే అంటే నవ్వక ఏం చేస్తుందిలే అని కూడా అనిపించింది. ఈ రెండో ఆలోచన రావడం నాకే నచ్చలేదు. ఆ పూటకు నేను ఎవరి మీదా జాలిపడదలుచుకోలేదు.

స్రవ్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "లగ్గమయ్యేదాకనే అమ్మా. తర్వాత నేనే ఆంటీ కాళ్ళు మొక్కి చెప్త. నువ్వే మా అమ్మవని ఊరంత చెప్త."

"ఆదివారం ఎప్పుడొస్తరు?" అన్నాను. మరేం అనాలో తెలియక అడిగిన మాట అది.

అది ఒప్పుకోలు అనుకుంది పిచ్చిది. నా మెడ చుట్టూ చేతులు వేసి, "థ్యాంక్స్ అమ్మా, థ్యాంక్స్" అని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను దాని వీపు నిమరలేదు. తోసేయలేదు కూడా. చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడ్డాను. ఈ ఇంట్లో ఆ మాట ఇక ఎవరన్నా ఎత్తితే ఊరుకునేది లేదు అనుకున్నాను.

అప్పుడే కింది నుంచి ఎల్లేష్ అరిచాడు. "అక్కా! శారదమ్మ అంట, జమ్మి పెట్టనీకి వచ్చిన్రు. పైకి పంపుతున్న!"

స్రవ్య ఉలిక్కిపడి నన్ను వదిలింది. "అయ్యో, అంజన్ వాళ్ళమ్మ! ఆదివారమన్నది గద! అమ్మా, నువ్వు లోపలికి పో. దండం పెడ్త, పో అమ్మా!" అని నన్ను గది వైపు నెట్టబోయింది. నేను కదల్లేదు. నా ఇంట్లో నేను దాక్కోవడమేమిటి? అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆయాసం, "ఏం మెట్లమ్మా ఇవి" అనే మాటా గుమ్మం దాకా వచ్చేశాయి.

శారదమ్మ నేను ఊహించుకున్నట్టు లేదు. పొట్టిగా, బొద్దుగా, నుదుటి మీద పెద్ద బొట్టుతో, చేతిలో జమ్మి ఆకుల పొట్లంతో నవ్వుతూ వచ్చింది. "పండుగనాడే వద్దామనుకున్న, సుట్టాలతోని తీరలేదు" అంటూ శ్రవణ్‌కు దసరా జమ్మి ఇచ్చింది. పూజిత చేతిలో పెట్టి, "బంగారమసొంటి బిడ్డను గన్నవ్ వదినా" అని బుగ్గలు పుణికింది. పూజిత ఏడ్చిన కళ్ళు చూసి, "గిదేంది, ఇప్పటి సందే ఏడుస్తున్నవా? బిడ్డ ఏడికి పోతది, మా కార్వాన్ ఎంత దూరం!" అని తనే నవ్వింది. ఆ గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

తర్వాత నా వైపు తిరిగింది.

"మీరు పెద్దమ్మ గదా?" అంది. దగ్గరికొచ్చి నా చేయి తన చేతిలోకి తీసుకుంది. "చూడంగనే పోల్చిన. మీ ముచ్చట తీస్తే స్రవ్య ఆగదు. జెరమొస్తే రాత్రంత కూసున్నది పెద్దమ్మనే, చదివిచ్చింది పెద్దమ్మనే, నౌకరి పరీక్షకు దగ్గరుండి తోల్కపోయింది పెద్దమ్మనే అంటది. నేనన్న, కన్నతల్లి గూడ గంత చెయ్యదు బిడ్డా అని. గీ రోజులల్ల ఒకలు గన్న బిడ్డను గట్ల ఎవలు సాదుతరు వదినా? మీకు థ్యాంక్స్ చెప్పి పోవాల్ననే ఇయ్యాల వచ్చిన."

జమ్మి ఆకులు నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఆ పిడికిలికి తన రెండు చేతులూ ఆనించి దండం పెట్టింది. మనస్ఫూర్తిగా పెట్టింది. ఆ మనిషి కళ్ళలో తడి కూడా ఉంది. ఆమెను ద్వేషిద్దామంటే నాకు దారి దొరకలేదు.

"అయ్యవారు రేపే ముహూర్తం చూస్తనన్నడు" అంది శారదమ్మ. "అమ్మానాయనలు ఫోన్ల సరే అన్నరు. గని స్రవ్యకు మీ మాటే మాట అంట. పెంచిన చేతులు మీయి. మీ నోటెంట సరే అంటె నాకు నిమ్మళం. ఏమంటరు?"

శ్రవణ్ నేల చూపులు చూస్తున్నాడు. పూజిత గోడకు ఆనుకుంది. శారదమ్మ భుజం వెనక స్రవ్య, రెండు చేతులూ గడ్డం కింద జోడించి, పెదవులతోనే అమ్మా, అమ్మా అంటోంది. బయటికి ఆ పిలుపు వినబడకుండా జాగ్రత్తపడుతోంది.

"కూసోండి శారదమ్మా" అన్నాను. నా గొంతు నాకే తెలియనంత నెమ్మదిగా ఉంది. "సరే అనే ముందుగాల మీకొక్క మాట చెప్పాలె."

స్రవ్య కత్తివాటుకు నెత్తురుచుక్క లేనట్టు నిలబడిపోయింది. శారదమ్మ సోఫాలో సర్దుకుని కూర్చుని, "చెప్పున్రి వదినా" అంది.